ఆరు శాతం రాయితీ ఎవరి కోసం? ముప్పాళ్ళ నుంచి విమాన చార్జీల లెక్క

విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుల్లో విమానయాన సంస్థల ప్రకటనలు మన ఫోన్లలోకి వరసగా వచ్చి పడతాయి. విద్యార్థులకు ప్రత్యేక ధరలు, పది కిలోల అదనపు లగేజీ ఉచితం అంటాయి. వీపున బ్యాగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముఖం నిండా నవ్వు ఉన్న యువతీయువకుల బొమ్మ వేస్తాయి. ఆ బొమ్మలో ఉన్నది ఎవరి పిల్లలు? అమ్మ మిరపకాయల కోతకు, నాన్న పత్తి చేలో మందు కొట్టడానికి వెళ్లే ఇంటి నుంచి ఢిల్లీలో ఎంఏ సీటు తెచ్చుకున్న పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలపు దళిత విద్యార్థికి ఆ రాయితీ ఎంతవరకు అందుతుంది? ఈ వ్యాసంలో మేము అడుగుతున్న ప్రశ్న ఇదే.

'పల్లెల్లో శ్మశానానికి దారి కోసమే ఇంకా కొట్లాడుతున్నాం. విమానం టికెట్ల గొడవ ఇప్పుడెందుకు?' అని మనవాళ్లే అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అయితే మన పిల్లల చదువు ఊరి బడితోనో, సత్తెనపల్లి కాలేజీతోనో ఆగిపోవాలని మనం ఎప్పుడూ కోరుకోలేదు. 1913లో డాక్టర్ అంబేడ్కర్ బొంబాయి నుంచి న్యూయార్క్ చేరింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ వల్ల. ఆ డబ్బు లేకపోతే ఆ ఓడ ప్రయాణం లేదు, కొలంబియా లేదు. చదువుకునే హక్కులో చదువు ఉన్న చోటికి చేరే హక్కు కూడా ఉందని చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలు, విదేశీ సీట్లు ఇవన్నీ మన ఊళ్లకు వందల వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆ దూరాన్ని కొందరు రెండు గంటల్లో, కొందరు రెండు రోజుల్లో దాటుతున్నారు. ఈ తేడా వెనక ఉన్న లెక్కను విప్పి చూడాలి.

రాయితీ ఎంత, దేని మీద?

ముందు రాయితీ సంగతి చూద్దాం. ఇండిగో కొంతకాలంగా ప్రచారం చేసిన విద్యార్థి ఆఫర్‌లో బేస్ ఫేర్ మీద 6 శాతం వరకు తగ్గింపు, 10 కిలోల అదనపు బ్యాగేజీ ఉన్నాయి. ఎయిర్ ఇండియా 2025 జనవరిలో ప్రకటించిన విద్యార్థి ధరల్లో బేస్ ఫేర్ మీద 10 శాతం వరకు తగ్గింపు, అదనపు బ్యాగేజీ, ఒకసారి ఉచితంగా తేదీ మార్చుకునే వీలు ఉన్నాయి.

ఇక్కడ 'బేస్ ఫేర్' అన్న మాట దగ్గర ఆగాలి. మనం కట్టే టికెట్టు ధర మొత్తం బేస్ ఫేర్ కాదు. అందులో విమానాశ్రయ వినియోగ రుసుము, భద్రతా రుసుము, జీఎస్టీ వగైరాలు కలిసి ఉంటాయి. తగ్గింపు వీటికి వర్తించదు. ఉదాహరణకు ఒక టికెట్టు 6,500 రూపాయలు అనుకుందాం. అందులో బేస్ ఫేర్ 5,000 అయితే 6 శాతం అంటే 300 రూపాయలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. అంటే ఈ రాయితీ ఒక రోజు ఉపాధి కూలీకి కూడా సరిపోదు. మిగిలిన 6,200 చేతిలో లేక వడ్డీకి తెస్తే, మన ఊళ్లలో నడిచే నూటికి మూడు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 186 రూపాయలు. రెండో నెల వడ్డీ కట్టేసరికి రాయితీ మొత్తం కరిగిపోయి, ఎదురు బాకీ మొదలవుతుంది.

ఎప్పుడూ ఇంతేనా? కాదు. ఎయిర్ ఇండియా ప్రభుత్వ రంగంలో ఉన్నప్పుడు విద్యార్థులకు, వయోవృద్ధులకు బేస్ ఫేర్‌లో 50 శాతం తగ్గింపు ఉండేది. 2022 జనవరి 27న ఆ సంస్థ టాటాల చేతికి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబర్ 29 నుంచి ఆ రాయితీ 25 శాతానికి తగ్గింది. చేతులు మారిన ఎనిమిది నెలల్లో సగం రాయితీ పోయింది. ప్రైవేటీకరణ అనగానే మనం ఉద్యోగాల్లో రిజర్వేషన్లు పోవడం గురించి మాట్లాడుకుంటాం, అది అవసరమే. కానీ దానితోపాటు ఇలాంటి చిన్న చిన్న సౌకర్యాలు ఎన్ని చడీచప్పుడు లేకుండా పోతున్నాయో కూడా లెక్క రాసుకోవాలి. రిజర్వేషన్ పోతే కనీసం ధర్నా జరుగుతుంది. రాయితీ పోతే వార్త కూడా రాదు.

రైలుకు తెలిసిన సంగతి

ఇప్పుడు రైలు వైపు చూద్దాం. సొంతూరికి వెళ్లే విద్యార్థులకు, విద్యా యాత్రలకు వెళ్లే విద్యార్థులకు భారతీయ రైల్వే సెకండ్ క్లాస్, స్లీపర్ తరగతుల్లో రాయితీ ఇస్తుంది. జనరల్ విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. కోవిడ్ మొదలైనప్పుడు 2020 మార్చి 20 నుంచి రైల్వే చాలా రాయితీలు ఆపేసింది. వయోవృద్ధుల రాయితీ అప్పుడే పోయింది. వికలాంగులు, రోగులతో పాటు విద్యార్థుల రాయితీ మాత్రం మిగిలింది.

ఈ 50, 75 అంకెల మధ్య ఉన్న తేడాలో ఒక ఆలోచన ఉంది. ఇద్దరూ విద్యార్థులే అయినా ఇద్దరి ఇళ్లూ ఒకటి కావు, ఇద్దరి దూరమూ ఒకటి కాదు అన్న ఎరుక అది. విమానయాన సంస్థల రాయితీలో ఆ ఎరుక లేదు. అక్కడ విద్యార్థి అంటే విద్యార్థే. తండ్రి కంపెనీ డైరెక్టరైనా, తల్లి మిరప చేలో కూలీ అయినా అదే 6 శాతం. సమానంగా కనిపించే ఈ లెక్క నిజానికి ఎవరికి ఎక్కువ ఇస్తోంది? శాతాల్లో ఇచ్చే రాయితీ ఎక్కువ ఖర్చు పెట్టగలిగేవారికే ఎక్కువ రూపాయలు మిగులుస్తుంది. ఏడాదికి ఆరుసార్లు ఎగిరేవాడు ఆరుసార్లు లాభపడతాడు. ఒక్కసారి కూడా కొనలేనివాడి లాభం సున్నా.

రైలు రాయితీ గొప్పగా ఉందని కాదు. ఆ రాయితీ ఆన్‌లైన్‌లో దొరకదు. కాలేజీ ఆఫీసులో ఫారం నింపించి, ప్రిన్సిపల్ సంతకం, ముద్ర వేయించుకుని రిజర్వేషన్ కౌంటర్ ముందు నిలబడాలి. పండగ రోజుల్లో ఆన్‌లైన్‌లో సీట్లు నిమిషాల్లో అయిపోతుంటే ఫారం పట్టుకుని వరసలో ఉన్నవాడికి మిగిలేది వెయిటింగ్ లిస్టు. పైగా ఆ ఫారంలో ఎస్సీ అని రాయించుకోవాలి. హాస్టల్‌లో, తరగతిలో కులం చెప్పకుండా నెట్టుకొస్తున్న విద్యార్థి, ఆఫీసులో నలుగురి ముందు ఆ ఫారం అడగడానికి వెనకాడతాడు. 75 శాతం హక్కు ఉండి కూడా 50 శాతంతో, లేదా పూర్తి చార్జీతో ప్రయాణించేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి. చివర్లో మా డిమాండ్ల దగ్గర దీని అవసరం వస్తుంది.

కార్డు ఉన్నవాడే యువకుడా?

విమానయాన సంస్థలు 'యువత' అన్న మాటను ప్రకటనలో వాడతాయి. చెకిన్ కౌంటర్ దగ్గర మాత్రం అడిగేది విద్యార్థి గుర్తింపు కార్డు. చెల్లుబాటయ్యే కార్డు చూపకపోతే రాయితీ పోతుంది, తేడా కట్టాల్సి వస్తుంది, ప్రయాణమే ఆగిపోయే ప్రమాదమూ ఉంది.

కొత్తగా సీటు వచ్చినవాళ్లకు మొదటి ప్రయాణంలోనే చిక్కు. అడ్మిషన్ తీసుకోవడానికి వెళ్తున్నప్పుడు చేతిలో కార్డు ఎక్కడిది? అది చేరిన కొన్ని వారాలకు వస్తుంది. అంటే ఇంట్లో డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ కటకటగా ఉన్న రోజున, ఫీజు, హాస్టల్ డిపాజిట్, పరుపు, బకెట్టు అన్నీ ఒకేసారి కొనాల్సిన రోజున రాయితీ పనికిరాదు. డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లకు కార్డు ఉండదు. పీజీ అయిపోయి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాళ్లకూ ఉండదు.

ఇంకా లోతుకు వెళ్దాం. ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వ సర్వే 2021-22 ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసువారిలో ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి దేశం మొత్తం మీద 28.4. ఎస్సీలలో అది 25.9, ఎస్టీలలో 21.2. అంటే ఎస్సీ యువతలో దాదాపు నలుగురిలో ముగ్గురు కాలేజీ గడప బయటే ఉన్నారు. కార్డు ఆధారంగా ఇచ్చే ఏ రాయితీ అయినా ఆ ముగ్గురినీ మొదటే తీసేసి, మిగిలిన ఒక్కరితో లెక్క మొదలుపెడుతుంది. బెంగళూరు భవన నిర్మాణ పనికో, గల్ఫ్ దేశానికో వెళ్లే ఇరవై రెండేళ్ల కుర్రవాడు వయసులో యువకుడే, ఆఫర్‌లో మాత్రం కాడు.

ముందుగా కొనగలగడమే అసలు రాయితీ

విమానం టికెట్టు ధర బస్సు టికెట్టులా నిలకడగా ఉండదు. ఒకే విమానంలో ఒకే వరసలో కూర్చున్న ఇద్దరు వేర్వేరు ధర చెల్లించి ఉంటారు. సంస్థలు సీట్లను రకరకాల ధరల అరలుగా విభజిస్తాయి. తక్కువ ధర అరలు నిండేకొద్దీ, ప్రయాణం రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. కాబట్టి అన్నిటికంటే పెద్ద రాయితీ విద్యార్థి కార్డు ఇచ్చేది కాదు, నెలన్నర ముందే టికెట్టు కొనగలగడం ఇచ్చేది. ఆ రాయితీ అందేది రెండు ఉన్నవాళ్లకు: చేతిలో నిలవ డబ్బు, రేపటి మీద నమ్మకం.

మన పిల్లలకు ఈ రెండూ ఎందుకు ఉండవో చూడాలి. వాళ్ల డబ్బు వచ్చేది స్కాలర్‌షిప్, ఫెలోషిప్‌ల నుంచి. అవి ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం విద్యార్థి సంఘాలు ధర్నాలు చేయని సంవత్సరం తెలుగు రాష్ట్రాల్లో గుర్తులేదు. మన పక్కనే ఉన్న గుంటూరు నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళ్లిన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు దూరమైనప్పుడు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు, ఆయనకు రావాల్సి ఉంది. ఏడు నెలలు డబ్బు రానివాడు నెలన్నర ముందు టికెట్టు ఎలా కొంటాడు? ఫెలోషిప్ ఆలస్యం అన్నది కేవలం ఆఫీసు జాప్యం కాదు. అది ప్రతి వస్తువునూ మన పిల్లలకు ఎక్కువ ధరకు అమ్మే యంత్రం. టికెట్టు కూడా అందులో ఒకటి.

ఇక ఇంటి నుంచి చావు కబురు వస్తే? మృత్యువు ముందస్తు నోటీసు ఇవ్వదు. ఢిల్లీలో ఉన్న విద్యార్థికి రాత్రి ఫోన్ వస్తుంది. విజయవాడకు రైలులో సుమారు 1,750 కిలోమీటర్లు, ఒక రోజుకు పైగా ప్రయాణం. అక్కడి నుంచి గుంటూరు, సత్తెనపల్లి మీదుగా ముప్పాళ్ళ చేరాలి. మన వాడల్లో శవాన్ని ఎక్కువసేపు ఉంచే సౌకర్యం ఉండదు. ఐస్ బాక్సు అద్దె కూడా బరువే. అప్పటికప్పుడు విమానం టికెట్టు చూస్తే, ఉదాహరణకు, 11,000 ఉందనుకుందాం. బేస్ ఫేర్ 9,000 అనుకుని 6 శాతం తీసేసినా 10,460 కట్టాలి. అది 34 రోజుల ఉపాధి కూలీ. ఆ రాత్రికి ఆ డబ్బు పుడితే కడసారి చూపు దక్కుతుంది, పుట్టకపోతే వీడియో కాల్‌లో మట్టి వేయడం చూడాలి. మాతో చదువుకున్నవాళ్లలో ఈ రెండో రకం వాళ్లు ఉన్నారు. కొన్ని దేశాల్లో విమానయాన సంస్థలు ఇంట్లో మరణం సంభవించినవారికి ప్రత్యేక ధర ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర అత్యవసరం అంటే అత్యధిక ధర అన్నదే రివాజు.

విదేశీ విద్య: దిగాకే డబ్బు

అంతర్జాతీయ ప్రయాణంలో ఈ సమస్య ఇంకా ముదురుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి మన పిల్లలకు విదేశీ చదువు తలుపు తీసింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరూ నిబంధనలూ మారాయి. 2022లో అంబేడ్కర్ పేరు తీసి జగనన్న విదేశీ విద్యాదీవెన అన్నారు, దళిత సంఘాలు నిరసన తెలిపాయి. 2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం మళ్లీ అంబేడ్కర్ పేరు పెట్టింది. తెలంగాణలో ఈ పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సాయం, ఒకవైపు ఎకానమీ విమాన టికెట్టు ఖర్చు ఇస్తారు.

పేరు తిరిగి రావడం మంచిదే. కానీ చెల్లింపు పద్ధతిని చూడండి. మొదటి విడత సాయం చేతికి రావాలంటే ఆ దేశంలో అడుగుపెట్టినట్టు రుజువు, అంటే ఇమిగ్రేషన్ పత్రం, చూపించాలన్నది ఈ పథకంలో ఉన్న షరతు. అంటే విమానం ఎక్కడానికి కావలసిన డబ్బు విమానం దిగాక వస్తుంది. ఈ మధ్యలో టికెట్టు ఎవరు కొనాలి? ఉన్న సెంట్ల భూమి తాకట్టు, అక్క మెడలోని గొలుసు, ఊళ్లో మోతుబరి దగ్గర అప్పు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఏ మోతుబరి పొలంలో అమ్మానాన్నలు కూలికి వెళ్తున్నారో అతని దగ్గరే అప్పు చేయాల్సి వస్తే, ఆ టికెట్టుకు వడ్డీ డబ్బుల్లో మాత్రమే ఉండదు. మాట పడటంలో, ఓటు వేయడంలో, కూలి రేటు అడగలేకపోవడంలో ఉంటుంది.

కేంద్రం 1954-55 నుంచి నడుపుతున్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఈ విషయంలో మెరుగు. అందులో ట్యూషన్ ఫీజు, జీవన భృతితో పాటు ఎకానమీ తరగతి విమాన ప్రయాణం కూడా ఉంది. ఏడాదికి 125 సీట్లు, వాటిలో 115 ఎస్సీలకు. దేశం మొత్తానికి అన్నమాట. అదైనా సవ్యంగా అందుతోందా? 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే అవార్డు లేఖలు ఇచ్చి, మిగిలినవారికి నిధుల లభ్యతను బట్టి ఇస్తామన్నారు. విదేశీ విశ్వవిద్యాలయం మన నిధుల లభ్యత కోసం ఆగదు. వీసా తేదీ ఆగదు. టికెట్టు ధర అసలే ఆగదు.

ఉడాన్: ఎవరి చెప్పులు, ఎవరి నేల?

ప్రైవేటు సంస్థల ధరల్లో ప్రభుత్వం ఎలా జోక్యం చేసుకుంటుందని కొందరు అంటారు. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక ధరలు నిర్ణయించే స్వేచ్ఛ సంస్థలదే కదా అంటారు. ఆ స్వేచ్ఛకు హద్దులున్నాయని ప్రభుత్వమే చూపించింది. 2020 మేలో విమానాలు తిరిగి మొదలైనప్పటి నుంచి 2022 ఆగస్టు 31 వరకు దేశీయ చార్జీలకు కింద పైన పరిమితులు పెట్టింది. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు పెద్దఎత్తున రద్దయి మిగతా సంస్థల చార్జీలు చుక్కలనంటినప్పుడు, 500 కిలోమీటర్ల వరకు 7,500, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 అని గరిష్ఠ పరిమితి విధించింది. ఆ పని రోజుల్లో అయిపోయింది. కాబట్టి చట్టం అడ్డమన్న మాట నిలవదు. ఎవరి ఇబ్బందిని అత్యవసరంగా భావిస్తున్నామన్నదే ప్రశ్న.

పైగా విమానయానం ప్రజాధనం లేకుండా నడుస్తున్నది కాదు. హవాయి చెప్పులు వేసుకున్నవాళ్లు విమానం ఎక్కాలన్న మాటతో ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలు మొదలైన మార్గాల్లో సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ కూడా ఉంది. దాదాపు గంట ప్రయాణానికి 2,500 రూపాయల ధరతో కొన్ని సీట్లు కేటాయించారు. సంస్థలకు వచ్చే లోటును పూడ్చడానికి నిధి పెట్టారు, విమాన ఇంధనంపై వ్యాట్‌ను రాష్ట్రాలు 1 శాతానికి తగ్గించాయి. ఫలితం? 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం మూడో విడత వరకు ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. రాయితీ కాలం దాటి నిలబడినవి 2023 మార్చి నాటికి 54 మాత్రమే.

ఆ తక్కువ ధర సీట్లు ఎవరు కొన్నారు? ముందు చూసినవాళ్లు కొన్నారు. అందులో ఆదాయం అడగలేదు, కులం అడగలేదు, మొదటిసారి ఎక్కుతున్నవాళ్లా అని అడగలేదు. చెప్పుల పేరు చెప్పి పెట్టిన పథకంలో చెప్పులు కుట్టినవాళ్ల పిల్లలకు ఒక్క సీటు కూడా ప్రత్యేకంగా లేదు.

పల్నాడులో నాగార్జునసాగర్ దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వ జాబితాలో ఉంది. ఇప్పుడు మనకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. విమానాశ్రయం వస్తే మంచిదే. కానీ రన్‌వే అనగానే కళ్లు ముందుగా అసైన్డ్ భూముల మీద పడటం మనం ఎరిగినదే. అమరావతిలో పట్టా భూమికీ అసైన్డ్ భూమికీ మొదట వేర్వేరు ప్యాకేజీలు పెట్టిన సంగతి మన జ్ఞాపకంలో ఉంది. భూమి మనది, ప్రయాణం వాళ్లది అయ్యే అభివృద్ధిని ముందే ప్రశ్నించాలి.

ఈ జిల్లాలోనే వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును గబ్బిలంతో శివుడి దగ్గరకు పంపినట్టు 1941లో కావ్యం రాశారు. మనిషికి దారి మూసిన చోట ఎగిరే ప్రాణికి మాత్రం దారి ఉందన్న సంగతిని ఆయన అప్పుడే పట్టుకున్నారు. ఇవాళ దారి మూస్తున్నది పూజారి కాదు, ధర.

ఇతర దేశాలు ఏం చేశాయి?

యువతకు విమాన రాయితీ కొత్త విషయం కాదు. 1966లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 22 ఏళ్లలోపు వారికి, సీటు ఖాళీగా ఉంటే సగం ధరకే ప్రయాణం అనే పథకం తెచ్చింది. మిగతా సంస్థలూ అదే బాట పట్టాయి. బస్సు కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. చివరికి 1972లో అక్కడి సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ఈ ధరలు అన్యాయమైన వివక్ష కిందకి వస్తాయని తేల్చింది, 1974 నాటికి అవి ఆగిపోయాయి. వయసు ఒక్కటే చూసి ఇచ్చే రాయితీ ఎంత బలహీనమైనదో ఈ కథ చెబుతుంది. దాని వెనక న్యాయం అనే వాదన లేదు, ఖాళీ సీట్లు నింపుకునే వ్యాపారం మాత్రమే ఉంది. వ్యాపారానికి అవసరం తీరాక రాయితీ కూడా తీరిపోతుంది.

బ్రెజిల్ వేరే దారి పట్టింది. అక్కడ 2013లో యువత హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే 'ఐడీ జోవెమ్' కార్డు 15 నుంచి 29 ఏళ్ల పేద యువతకు వస్తుంది. చదువుతున్నారా లేదా అన్నది ప్రయాణానికి షరతు కాదు. ప్రభుత్వ సామాజిక సహాయ రిజిస్టర్‌లో కుటుంబం పేరు, తక్కువ ఆదాయం ఉంటే చాలు. రాష్ట్రాల మధ్య నడిచే బస్సులో రెండు సీట్లు ఉచితం, మరో రెండు సగం ధరకు ఇవ్వాలి. 2024లో ఆ దేశమే విమానాలకు కూడా తక్కువ ధర పథకం మొదలుపెట్టింది. ముందుగా, గత ఏడాది కాలంలో విమానం ఎక్కని పింఛనుదారులకు ఇచ్చింది. ఎవరు ఎక్కలేకపోతున్నారో వాళ్లనే వెతికి ఇవ్వడం ఈ పథకాల పద్ధతి. మన ఆఫర్లు ఇప్పటికే ఎక్కుతున్నవాళ్లను ఇంకోసారి ఎక్కించే పద్ధతి.

ఏం అడగాలి?

ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఒక అనుభవం ఇప్పటికే ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. నరసరావుపేట కాలేజీకి వెళ్లే అమ్మాయి ఇక బస్సు చార్జీ కోసం ఇంట్లో అడగక్కర్లేదు. చార్జీ అడ్డు తొలగితే చదువు నిలబడుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. ఆ ఆలోచనను జిల్లా సరిహద్దు దగ్గర ఆపేయొద్దన్నదే మా వాదన. ఈ దిశలో ఐదు విషయాలు అడగాలి.

ఒకటి, విదేశీ విద్యా పథకాల్లో టికెట్టు ఖర్చును తర్వాత చెల్లించడం మానేయాలి. వీసా రాగానే సాంఘిక సంక్షేమ శాఖే టికెట్టు కొని ఇవ్వాలి. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013 నుంచి మన చేతిలో ఉంది. ఆ నిధులను సాధారణ ఖర్చులకు మళ్లించకుండా ఇలాంటి నేరుగా ఉపయోగపడే పనికి కేటాయించమని అడగాలి.

రెండు, దేశంలోపల దూర ప్రాంతాల్లో చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏడాదికి రెండుసార్లు రానుపోను విమాన ప్రయాణ భత్యం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో, జాతీయ ఫెలోషిప్‌లో భాగం కావాలి. పార్లమెంటు సభ్యులకు ఏడాదికి 34 విమాన ప్రయాణాలు ప్రజాధనంతో ఇస్తున్నాం. విద్యార్థికి నాలుగు అడగడం అత్యాశ కాదు.

మూడు, ఆ భత్యం స్కాలర్‌షిప్ ఖాతా ద్వారానే రావాలి. విమానాశ్రయ కౌంటర్ దగ్గర కుల ధ్రువీకరణ పత్రం చూపించే పద్ధతిని మేము కోరడం లేదు. రైలు ఫారం దగ్గర పడిన ఇబ్బందిని చెకిన్ వరసలోకి తెచ్చుకోకూడదు. హక్కు అందాలి, వేలెత్తి చూపించే సందర్భం మాత్రం రాకూడదు.

నాలుగు, కుటుంబంలో మరణం, తీవ్ర అనారోగ్యం సంభవించినప్పుడు విద్యార్థులకు దూరాన్ని బట్టి స్థిరమైన గరిష్ఠ ధర ఉండాలి. సంక్షోభంలో అందరికీ పరిమితి పెట్టగలిగిన పౌర విమానయాన శాఖకు ఇది కష్టం కాదు. ఆ శాఖకు మంత్రిగా 2024 జూన్ నుంచి ఉన్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. తెలుగు విద్యార్థులు ఆయన్ను తెలుగులోనే అడగొచ్చు.

ఐదు, సంస్థలు ఇచ్చే విద్యార్థి రాయితీకి గుర్తింపు కార్డుతో పాటు అడ్మిషన్ లేఖ, బోనఫైడ్ పత్రం కూడా చెల్లాలి. తగ్గింపు బేస్ ఫేర్ మీద కాకుండా మొత్తం ధర మీద ఉండాలి.

ఇవి పెద్ద విప్లవాలు కావని మాకు తెలుసు. ఊళ్లో శ్మశానం దారి, కూలి రేటు, అసైన్డ్ భూమి కోసం జరిగే పోరాటాల పక్కన ఇవి చిన్నగా కనిపిస్తాయి. కానీ ఆ పోరాటాలకు రేపు కావలసిన న్యాయవాదులు, అధ్యాపకులు, శాస్త్రవేత్తలు ఈ ప్రయాణాల చివరే తయారవుతారు. కాబట్టి క్యాంపస్‌లలో ఉన్న విద్యార్థి సంఘాలకు మా సూచన ఒకటే. ఈ ఏడాది మీ విశ్వవిద్యాలయంలో ఎంతమంది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు రైలు రాయితీ ఫారం తీసుకున్నారు, ఫెలోషిప్ ఎన్ని నెలలు ఆలస్యమైంది, విదేశీ విద్యా పథకంలో టికెట్టు డబ్బు ఎన్ని రోజులకు వచ్చింది అన్న మూడు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. అంకెలు చేతికొస్తే ఆరు శాతం ఎవరి కోసమో మనం వాదించాల్సిన పని ఉండదు. ఆ కాగితాలే చెబుతాయి.